రాబర్టు ఓవెను చరిత్రము

దారిద్ర్యము పూర్వజన్మ కర్మఫలమని మన దేశమునఁ బెక్కుమంది నమ్ముచు వచ్చిరి. ఈ నమ్మికవలన ధనవంతుఁడు నిశ్చింతగా నిద్రించును. దరిద్రుఁడు తల వంచికొని యూరకుండును. ఒకే మాట యొకనికి మెత్తని పఱుపును, మఱియొకనికి సంకెలయు నగుచున్నది. పశ్చిమ దేశములవారు కర్మ మను మాట నెఱుఁగకపోయినను, పేదవాఁడు తన సోమరితనముచేతను, త్రాగుడుచేతను బేదయయ్యెనని చెప్పి యదే నిద్ర పోయిరి. ఈ రెండు నమ్మికలును తప్పని, రెండువేలమంది జనులుగల యొక గ్రామమును బాగుచేసి చూపిన మహనీయుఁడు రాబర్టు ఓవెను. ఆతఁడు మన సమాజమువాఁడు కాఁడు. ఏ మతసమాజమునకును జేరినవాఁడు కాఁడు. అయినను, దీనజనసేవయే యీశ్వరసేవయని నమ్మువారికి ఆతని చరిత్రము పఠనీయము. కావున నాతని విజయములతోఁ బాటు అపజయములను గూడ దాఁచక, ఆ చరిత్రమును సంగ్రహముగా నిందు వ్రాయుచున్నాము.

బాల్యము

ఓవెను 1771 వ సంవత్సరము మే నెల 14 వ తేదీన వేల్సు దేశములోని న్యూటౌను అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టియు, ఇనుపసామానులు అమ్మియు జీవించువాఁడు. ఏడుగురు బిడ్డలలో నితఁ డాఱవవాఁడు. ఆ యూరి బడిలో నేర్పెడు చదువు, వ్రాఁత, లెక్కలు త్వరలోనే ముగియుటచేత, ఏడేండ్ల ప్రాయముననే యుపాధ్యాయునకు సహాయుఁడై తనకంటెఁ జిన్నవారికిఁ బాఠములు చెప్పుచుండెను. పదియేండ్ల వయస్సున నిల్లు విడిచి, స్టాంఫర్డు పట్టణమున నొక బట్టలవర్తకుని యంగడిలోఁ బనికిఁ గుదిరెను. యజమానుఁడు దయాళువు, ఆతని యింట మంచి పుస్తకము లుండెను. పని తీఱిన వెనుక బాలుఁడు వానిని శ్రద్ధతోఁ జదువుచుండెను. తరువాత లండనులోను, అటుపిమ్మట మాంచెస్టరులోను బట్టల యంగళ్లలోఁ గొలువు చేసెను. కళాశాల యెట్టిదో యాతఁ డెఱుఁగఁడు. అంగడి బల్లయే యాతని బడి.

ఆ కాలమున మాంచెస్టరు పట్టణము నూలుయంత్రముల రొదతో నిండి, నానాఁటికిఁ బెరుఁగుచుండెను. ఓవెను అన్నయొద్ద నూఱు పౌనులు బదులు తీసికొని, వేఱొకనితోఁ గలిసి యంత్రములు చేయు చిన్న పని ప్రారంభించెను. ఇరువది యొకటవయేఁడు వచ్చునప్పటికి డ్రింకువాటరు అను వర్తకుని నూలుమిల్లున కధికారియై, అయిదువందల మందిపై యజమానత్వము వహించెను. సన్నని నూలు వడకించుటలో నాతనికి గొప్ప పేరు వచ్చెను. అక్కడనే యాతఁడొక విషయము కనిపెట్టెను. యంత్రమునకు దినదినము నూనె పెట్టి తుడిచి కాపాడు యజమానులు, ఆ యంత్రము ప్రక్క నిలుచున్న మనుష్యుని మాత్రము శిథిలమగు వఱకు వాడి పాఱవేయుచుండిరి. ప్రాణములేని యంత్రమును జాగ్రత్తగాఁ జూచిన లాభము గలిగినప్పుడు, ప్రాణముగల యంత్రమును జాగ్రత్తగాఁ జూచిన నెంత లాభము గలుగునో కదా యని యాతఁడు తలఁచెను. ఆతని జీవితమంతయు నీ యాలోచనకు వ్యాఖ్యానము.

న్యూ లానార్కు

స్కాట్లండులో క్లైడు నది జలపాతముల చెంత న్యూ లానార్కు అను గ్రామము కలదు. డేవిడ్ డేలు అను ధర్మాత్ముఁడు ఆ నీటి బలముతోఁ దిరుగు నూలుమిల్లులను 1786 ప్రాంతమున నచ్చట స్థాపించెను. ఓవెనును ఆతని భాగస్వాములును 60,000 పౌనులకు ఆ మిల్లులను గొనిరి. 1799 లో ఓవెను డేలుగారి కూఁతురగు కరోలినును వివాహమాడి, 1800 వ సంవత్సరము జనవరి 1 వ తేదీన మిల్లుల యాజమాన్యమును స్వీకరించెను.

అప్పుడా గ్రామమున సుమారు రెండువేలమంది జనులుండిరి. వారిలో నయిదువందలమంది యెడిన్‌బరో, గ్లాస్గో పట్టణముల యనాథశాలలనుండి తెచ్చిన పిల్లలు. ఆఱేండ్లు, ఏడేండ్లు వయస్సుగలవారు గూడ నందుండిరి. డేలుగారు వారికి మంచి తిండి, శుభ్రమైన బట్ట యిచ్చి, రాత్రులయందుఁ జదువు చెప్పించుచుండెను. కాని యుదయము ఆఱు గంటలు మొదలు రాత్రి యేడు గంటల వఱకు యంత్రముచెంత నిలిచిన బిడ్డకు రాత్రి చదువేమి యెక్కును? ధర్మబుద్ధిగల యజమాని నీడలోనే స్థితి యిట్లుండఁగా, దయలేని యజమానుల మిల్లులలో నెట్లుండెనో పాఠకులే యూహింపవచ్చును. పెద్దవారిలోఁ ద్రాగుడు, దొంగతనము, కలహము సామాన్యముగా నుండెను. పరదేశమునుండి వచ్చిన క్రొత్త యజమానునియందు వారికి నమ్మిక లేకుండెను.

ఓవెను ఎవ్వరిని దండింపలేదు, వెడలఁగొట్టలేదు. మొదట అనాథపిల్లలను దెచ్చుట మానెను. పదియేండ్లకు లోఁబడిన వారిని పనిలోఁ జేర్చుకొనరాదని నియమము చేసెను. ఇండ్లను బాగుచేయించి, వీథులు శుభ్రపఱపించెను. గ్రామములోని యంగళ్లవారు చెడిన సరకులను అప్పుమీఁద హెచ్చు వెలకు అమ్ముచుండఁగా, తానే మంచి సరకులు టోకున కొనిపించి, కొన్న ధరకుఁ గొంచెము మాత్రము హెచ్చుగా నమ్మించు అంగడి పెట్టెను. ఆ వచ్చెడు స్వల్పలాభము గ్రామపు బడికిఁ జెందుచుండెను. పనివారి జీతమునుండి యఱువదవవంతు చొప్పునఁ జేర్చి, రోగులకును వృద్ధులకును నిధి యేర్పఱచెను.

కొట్టుట, తిట్టుట మాన్పించి, వానికి బదులుగా నొక చిన్న యుపాయము పన్నెను. ప్రతి పనివాని చెంతను నాలుగు ముఖములుగల కొయ్యముక్క వ్రేలాడుచుండును. నలుపు చెడు నడవడికి, నీలము సామాన్యమైన దానికి, పసుపు మంచిదానికి, తెలుపు మిక్కిలి మంచిదానికి గుర్తు. ముందటి దినపు నడవడినిబట్టి పైయధికారి యొక రంగును ముందునకుఁ ద్రిప్పును. ఆ గుర్తు అన్యాయమని తోఁచినవాఁడు ఓవెనుతోఁ జెప్పుకొనవచ్చును. మొదట నల్లరంగులు హెచ్చుగా నుండి, క్రమముగాఁ దగ్గిపోయెను. ఈ యుపాయము మనుష్యునకు మర్యాద నిచ్చెనో, లేక యాతనిని సదా యజమానుని కంటికెదుట నిలిపెనో యని శంకించువారు కలరు. ఆ శంక నిరాధారమని మేము చెప్పఁజాలము. దయాళువైనను యజమానుఁడు యజమానుఁడే గదా!

గ్రామస్థుల మనస్సు మాత్ర మొక్క కార్యముచేత మాఱినది. అమెరికా దేశమువారు దూది యెగుమతి నిలిపివేయఁగా మిల్లులన్నియు మూఁతపడెను. ఇతర యజమానులు పనివారిని వీథిలోనికిఁ ద్రోసిరి. ఓవెను నాలుగు మాసములు యంత్రములను నిలిపి, వానిని తుడిచి చక్కఁబెట్టు పని మాత్రము చేయించుచు, అందఱకును బూర్ణ జీతము నిచ్చెను. అందులకైన వ్యయము సుమారు 7,000 పౌనులు. అంతవఱ కాతనిని సందేహముతోఁ జూచినవారు అప్పటినుండి యాతని మాట నమ్మిరి.

ఇంత చేసినను మిల్లుల లాభము తగ్గలేదు. అయినను భాగస్వాములు బడి మొదలగు వ్యయముల కడ్డుపడిరి. 1813 లో మిల్లులు వేలమునకు రాఁగా, ఓవెను క్రొత్త భాగస్వాములతోఁ గలిసి 114,100 పౌనులకు వానిని గొనెను. న్యాయశాస్త్రవేత్తయగు జెరెమీ బెంథాము, క్వేకరు మతస్థుఁడగు విలియం ఆలెను వారిలోనివారు. నూటికి అయిదు చొప్పున మాత్రమే తమకు లాభము చాలుననియు, తక్కినది జనుల విద్యకును సౌఖ్యమునకును వ్యయమగు ననియు వారొడంబడిరి. ఓవెను మరలి వచ్చిన దినమున గ్రామస్థులు ఎదురేఁగి, ఆతని బండి గుఱ్ఱములను విప్పి తామే లాగికొని పోయిరి.

పిల్లల బడి

1816 వ సంవత్సరము జనవరి 1 వ తేదీన ఓవెను గ్రామమధ్యమునఁ బాఠశాలాభవనమును దెఱచెను. నడువనేర్చిన శిశువులు మొదలు పదియేండ్లవారి వఱకుఁ బగలును, పెద్దవారు రాత్రులును నందుఁ జదువుకొనిరి. బిడ్డలను గొట్టరాదు, భయపెట్టరాదు, బహుమానముల యాశ పెట్టరాదు, తోడి బిడ్డను సంతోషపెట్టుటయే మొదటి పాఠము. గోడలపై జంతువుల బొమ్మలును, దేశముల పటములును వ్రేలాడుచుండెను. పాట, ఆట, నృత్యము చదువులో భాగములు. శిశువులకుఁ బ్రత్యేకముగా నేర్పడిన యీ బడి ఆ దేశమున నట్టివానిలో మొదటిదని చెప్పుదురు. ఆ సంవత్సరముననే పనికాలమును భోజన విరామము పోఁగాఁ బది గంటల నలువదియైదు నిమిషములకుఁ దగ్గించెను. దేశదేశములనుండి రాజపుత్రులు, పండితులు, ఉపకారులు వచ్చి యా గ్రామమును జూచి పోవుచుండిరి. 1815 మొదలు పదియేండ్లలో వచ్చినవారు సుమారు 20,000 మంది యని లెక్క.

మనుష్యుని స్వభావము ఆతఁడు తనకుఁ దాను చేసికొన్నది కాదనియు, పుట్టుక, పెంపకము, పరిసరములు చేసినదనియు ఓవెను సిద్ధాంతము. కావునఁ జెడినవానిని దూషించుట వ్యర్థమనియు, ఆతనిని జెఱచిన పరిస్థితిని మార్చుట కర్తవ్యమనియు నాతఁడు బోధించెను.

శాసనమునకై ప్రయత్నము

ఒక గ్రామము బాగుపడిన దేశము బాగుపడదని ఓవెను గ్రహించెను. 1815 లోఁ దోడి మిల్లు యజమానులను గ్లాస్గోలో సమావేశపఱచి రెండు కోరికలు పెట్టెను. దూదిపై సుంకము తీసివేయవలెనన్న మొదటి కోరికకు సభ యంతయుఁ జేతులెత్తినది. పిల్లల పనికాలమును దగ్గింపవలెనన్న రెండవ కోరికను సమర్థించువాఁ డొక్కఁడును లేకపోయెను. ఆతఁడు నిరుత్సాహపడక, పదియేండ్లకు లోఁబడినవారిని మిల్లులలోఁ జేర్చరాదనియు, పదునెనిమిదేండ్లలోపువారి పని దినమునకుఁ బదిన్నర గంటలకు మించరాదనియు, పరీక్షాధికారుల నేర్పఱుపవలెననియు ముసాయిదా వ్రాసి పార్లమెంటు సభ్యులకుఁ బంచెను. సర్ రాబర్టు పీలు దానిని సభలోఁ బెట్టెను. నాలుగేండ్లు విచారణలు జరిగెను. మిల్లు యజమానులు ఓవెను నడవడిలోఁ దప్పులు వెదకుటకై న్యూ లానార్కునకు మనుష్యులను బంపిరి.

తుదకు 1819 లో వచ్చిన శాసనము నూలుమిల్లులకు మాత్రమే వర్తించినది. వయస్సు తొమ్మిదేండ్లకు దిగెను. పనికాలము పండ్రెండు గంటల కెక్కెను. పరీక్షాధికారులు లేనే లేరు. శాసనము పుస్తకములో నెక్కుట వేఱు, ఊరిలో నడచుట వేఱు. న్యాయస్థానములయందు దీనిని దినదినము చూచుచున్న మాకు ఆ శాసనపు గతి యాశ్చర్యము గొల్పదు. జీతమిచ్చు పరీక్షాధికారులను నలుగురిని నియమించిన శాసనము 1833 లోఁ గాని రాలేదు. మన దేశమున మొదటి ఫ్యాక్టరీ చట్టము 1881 లో వచ్చి, ఏడేండ్లలోపు పిల్లలను మాత్రమే మిల్లులనుండి తప్పించెను. ఒక బిడ్డకు బాల్యము దక్కుటకు ఇన్ని యేండ్లు పట్టినది. అయినను మొదట నడిగినవాఁ డొకఁడు లేకున్న నదియు రాకుండెడిది.

సహకార గ్రామములు

1815 లో నెపోలియనుతోడి యుద్ధములు ముగియఁగానే ఇంగ్లండున ధరలు పడిపోయి, లక్షలకొలఁది జనులు పనిలేక యాఁకలిపాలైరి. కొందఱు కసితో యంత్రములను బగులఁగొట్టిరి. ఓవెను 1817 లోఁ బార్లమెంటు సంఘమునకుఁ దన నివేదిక సమర్పించెను. యంత్రము మనుష్యునికిఁ బోటీగా నిలుచుటచేతఁ గూలి తగ్గుచున్నదనియు, కూలి తగ్గినవాఁడు సరకులు కొనలేకపోవుటచేత మిల్లులును మూఁతపడుచున్నవనియు నాతఁడు వివరించెను. యంత్రమును మాన్పుట యసాధ్యము, మనుష్యుని మాడ్చుట యధర్మము. కావున యంత్రమును మనుష్యునకు సేవకునిగాఁ జేయవలెను. ఇందులకు సుమారు పండ్రెండువందలమంది కొక గ్రామము, వారికి వేయి మొదలు పదునైదువందల యెకరముల నేల, ఉమ్మడి వంటశాల, బడి, పొలము, పరిశ్రమ యుండవలెనని యాతని సూచన. తిండి యిచ్చు నేలకును, పని యిచ్చు పరిశ్రమకును విడాకులు కూడదని దీని సారాంశము. పనివాఁడు నేలను బోషించును. నేల పనివానిని బోషించును. ఏ దూరదేశపు బజారు పడిపోయినను ఊరు పస్తుండదు.

పెద్దలు మొదట మెచ్చిరి. కాని యా యేఁటి ఆగష్టు నెలలో లండను సభలో ఓవెను మతములన్నియు లోకమునకుఁ గీడు చేసినవని బహిరంగముగాఁ బ్రకటించుటతో వారు దూరమైరి.

1825 లో నాతఁడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున న్యూ హార్మొనీ యను గ్రామమును, వేలకొలఁది యెకరముల నేలను గొని, తన యాదర్శమును బరీక్షించెను. ఎనిమిదివందలమందికి మించి వచ్చి చేరిరి. వారిలో విద్వాంసు లుండిరి, ఉదారు లుండిరి. పనిచేయకయే భుజింపఁగోరువా రంతకంటె నెక్కువగా నుండిరి. నాఁగలి పట్టువారును, కుండలు చేయువారును జాలకుండిరి. ఓవెను తఱచుగా నూర లేఁడు. నియమములు మాటిమాటికి మాఱెను. 1827 లో నా గ్రామము చీలిపోయెను. ఆతని ధనములో హెచ్చుభాగ మందుఁ గరఁగిపోయెను. చేరినవారి గుణము నెంచక, పరిస్థితి మార్చిన మనుష్యుఁడు వెంటనే మాఱునని తలఁచుట యాతని లోపము. ఊరిని గొనవచ్చును గాని ఊరివారి మధ్య విశ్వాసమును గొనలేము.

చివరి యేండ్లు

ఇంగ్లండునకు మరలి వచ్చుసరికి ఓవెను ధనికుఁడు కాఁడు. కాని పనివారు ఆతనిని దమవానిగా నెంచిరి. 1832 లో లండనున నాతఁడు శ్రమ వినిమయశాలను స్థాపించెను. వస్తువున కెన్ని గంటల శ్రమ పట్టెనో లెక్కించి, ఆ గంటలు వ్రాసిన చీటి నిచ్చుట, ఆ చీటితో నితరుల వస్తువులు కొనుట దాని పద్ధతి. జనులకుఁ గావలసిన సరకులు త్వరగా నమ్ముడుపోయి, అక్కఱలేనివి మిగిలిపోవుటచే నది 1834 లో మూఁతపడెను. ఆ యేఁటనే యాతఁడు నాయకత్వము వహించిన మహా కార్మికసంఘము కొలఁదికాలములో లక్షలకొలఁది జనులను జేర్చుకొని, యంత త్వరగానే విచ్ఛిన్నమయ్యెను. సంఘప్రమాణము చేసిరన్న నేరముపై టాల్‌పడిలు గ్రామపు టాఱుగురు వ్యవసాయకూలీలకు ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధింపఁగా, వారి విడుదలకై 1834 ఏప్రిలులో లండను వీథులలో నడచిన మహా జనసమూహములో ఈ వృద్ధుఁడును నుండెను. రెండేండ్లకు వారికి క్షమాభిక్ష లభించెను.

చూచువారికి ఓవెను చేపట్టిన వన్నియు మట్టిలోఁ గలిసినట్లే తోఁచెను. అట్టి సమయమున, 1844 డిసెంబరు 21 వ తేదీన, రాచ్‌డేలు పట్టణమునందుఁ గొందఱు నేఁతపనివారు మొదలగు పేదలు ఇరువది యెనిమిదిమంది, వారానికిఁ గొన్ని పెన్నీలు చొప్పునఁ గూడఁబెట్టిన ఇరువది యెనిమిది పౌనులతో నొక చిన్న అంగడి తెఱచిరి. పిండి, వెన్న, చక్కెర మొదలగు కొలఁది సరకులే యందుండెను. కల్తీ లేదు, అప్పు లేదు, స్త్రీ పురుష భేదము లేక సభ్యున కొక్కొక వోటు, లాభము కొన్న సరకునుబట్టి పంచుకొనుట. వారిలో ఓవెను మాటలు విని మేల్కొన్నవారు కొందఱుండిరి. ఆ యంగడి నిలిచెను, పెరిఁగెను, లోకమంతట సహకారోద్యమమునకు మాతృకయయ్యెను. ఓవెను లక్షలతోఁ జేయలేకపోయిన పనిని వారు పెన్నీలతోఁ జేసిరి. ఏలయన, ఆ సొమ్ము వారిది, ఆ లెక్కలు వారివి, ఆ యధికారము వారిది.

ఓవెను 1858 నవంబరు 17 వ తేదీన, ఎనుబదియేడవ యేఁట, తాను పుట్టిన న్యూటౌనులోనే మరణించెను. న్యూ లానార్కు మిల్లులు 1968 వఱకు నడచినవి. ఆ గ్రామమును 2001 లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి.

మన కేమి నేర్పినది?

రాజా రామమోహన రాయలు 1831 లో ఇంగ్లండునకుఁ బోయినపుడు ఓవెనుతోఁ బరిచయమయ్యెను. దీనులయెడల నిరువురకును సమానమైన కనికరముండెను. రామమోహనుఁడు ఆ యేఁటనే పార్లమెంటు సంఘమునకిచ్చిన సమాధానములలో, శాశ్వత పరిష్కారము జమీందారులకు లాభించినను రైతుల కష్టము తీఱలేదనియు, శిస్తు పెంచకుండ నిలుపవలెననియు విన్నవించెను. కాని లోకోద్ధరణమునకు మతమును విరోధింప నక్కఱలేదని రామమోహనుని యభిప్రాయము. ఈ విషయమున మేము రామమోహనుని పక్షమువారము. అయినను, దేవుని పేరు తలఁపక దీనుల కన్నీరు తుడిచినవాఁడును, దేవుని పేరు తలఁచుచు దీనుల వడ్డీ పిండువాఁడును ఎదుట నిలిచినపుడు, తండ్రి తన బిడ్డగా నెవనిని గుర్తించునో చెప్పనక్కఱలేదు. 1870 లోఁ గలకత్తా చెంతనున్న బరానగరములో మిల్లుకూలీలకు సంఘమును స్థాపించి, వారికి రాత్రిబడులు నడపిన శశిపద బెనర్జీ బ్రహ్మసమాజస్థుఁడే. భక్తియు, పనివాని హక్కును ఒక యింట నుండఁగల వనుట కాతఁడు సాక్షి.

ఓవెను చరిత్రమున మఱియొక నీడ కలదు. ఆతని మిల్లుకు వచ్చిన దూదిలో హెచ్చుభాగము అమెరికా ఖండపు బానిసల చేతులతోఁ బండినది. యంత్రపు నూలు, యంత్రపు బట్ట మన గోదావరీ, విశాఖ తీరముల వడకువారి రాట్నములను, నేఁతగాండ్ర మగ్గములను నిలిపివేసినవి. ఒక గ్రామమును స్వర్గముగాఁ జేయు ధనము మఱియొక తీరపు గ్రామముల కన్నీటినుండి రాఁగలదు. కావున న్యాయమునకు మన వీథి చివరనే హద్దు గీయరాదు.

సహకారపద్ధతి మన దేశమునకు 1904 చట్టముతో వచ్చెను. ఆ చట్టమును దొరతనమువారు పైనుండి దించిరి. పెక్కు తావులలో సంఘము పేదలదిగాఁ గాక, ఊరి పెద్దలదిగాను, అధికారులదిగాను నయ్యెను. సర్కారు వాటా లేక సభ్యులే నడపుకొను సంఘములకై ఆంధ్రప్రదేశమున 1995 లోఁ బరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చినది. రాచ్‌డేలు పనివారు నూటయేఁబదియేండ్ల క్రిందటఁ దెలిసికొన్న సత్యమునకే యిది మరల వచ్చుట. పైవాఁ డిచ్చినది పైవాఁడే తీసికొనవచ్చును. పదిమంది కలిసి కూడఁబెట్టినది నిలుచును.

సోదరులారా, సోదరీమణులారా! దారిద్ర్యము తలవ్రాఁత యని మీ యింటి పనిమనిషి యనినపుడు, మీ పొలము కౌలుకుఁ జేయువాఁడనినపుడు, అది వినయమని సంతోషింపకుఁడు. అది యాశ చచ్చిన మనుష్యుని మాట. వాని బిడ్డను బడికిఁ బంపుఁడు. కూలి నిర్ణయించిన దినముననే యిండు. వారు సంఘముగాఁ గూడినపుడు అడ్డుపడకుఁడు. వారి లెక్కలు వారినే వ్రాసికొననిండు. న్యూ లానార్కులో నల్లరంగు తెల్లరంగుగా మాఱుటకు ఏండ్లు పట్టినది, కాని మాఱినది. మనుష్యులచేఁ గట్టఁబడిన దారిద్ర్యమును మనుష్యులే విప్పఁగలరు. సర్వజనులకుఁ దండ్రియగు పరమేశ్వరుఁడు ఆ పనికి మనకు బుద్ధిని, ఓర్పును బ్రసాదించుఁగాక.